కొండదారికి గీసిన గీత

సంక్రాంతి పండక్కి మా మేనల్లుడు విశాఖపట్నం నుంచి మోటారు సైకిలు మీద సాలూరు వచ్చాడు. కనుమనాటి రాత్రి భోజనాలైనాయి. అందరం అరుగుమీద చేరి కబుర్లు చెప్పుకుంటున్నాం. వాడు మాత్రం నడవలో చాప పరుచుకుని, ల్యాప్‌టాపు ముందు పెట్టుకుని, తెరమీద ఒక పటం తెరిచి, దానిమీద చుక్క తర్వాత చుక్క పెట్టుకుంటూ పోతున్నాడు. ఒక చుక్క పెట్టడం, కాసేపు ఆలోచించడం, దాన్ని చెరిపి పక్కన ఇంకొకటి పెట్టడం!

మా ఆవిడ పాలగ్లాసు పట్టుకు వెళ్ళి చూసింది.

"ఏమిట్రా అది? పెళ్ళికూతురి జాతకమా?"

"దారి గీసుకుంటున్నానత్తయ్యా. ఎల్లుండి తెల్లవారుజామున బయలుదేరి సుంకి ఘాటు ఎక్కుతాను. పొట్టంగి, సిమిలిగుడ మీదుగా నందపురం, పాడువా చూసుకుని అరకు దిగుతాను. అక్కణ్ణించి అనంతగిరి, శృంగవరపుకోట, గజపతినగరం, రామభద్రపురం... మళ్ళీ రాత్రి భోజనానికి నీ దగ్గరికే."

"రోడ్లు వేసే వున్నాయి గదరా! నువ్వు మళ్ళీ గీసేదేమిటి?"

మా ఆవిడ అడిగిన ప్రశ్న చిన్నదే గాని, దానికి జవాబు చెప్పాలంటే ఆకాశం దాకా పోవాలి. ఇవాళ లారీ తోలేవాడి దగ్గరనుంచి కొరియరు కుర్రాడి దాకా, పెళ్ళి ముహూర్తానికి అందుకోవలసిన బంధువుల దాకా అందరి చేతిలోనూ దారి చెప్పే ఫోను వున్నది. అది చెప్పిన చోటల్లా తిరిగేవాళ్ళు కోట్లమంది. అది ఎలా చెబుతుందో, ఎక్కడ చెప్పలేదో, దానికి మన దారి మనం ఎలా నేర్పవచ్చునో తెలిసినవాళ్ళు తక్కువ.

ఆ మాటలు జరుగుతుండగానే మా ఎదురింటి తాత కర్ర పొడుచుకుంటూ వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. సాలూరంటే లారీల వూరని తెలియని వారుండరు. రైలు 1913లోనే బొబ్బిలి నుంచి సాలూరు దాకా వచ్చి ఇక్కడ ఆగిపోయింది, కొండ ఎక్కలేదు. కొండ ఎక్కే బాధ్యత పూర్వం ఎద్దుల మీద ఉప్పు మోసుకుపోయినవారిది, తర్వాత లారీలది. తాత నలభై యేళ్ళు రాయపూర్ లైను తోలినవాడు.

"ఏటి బావూ, గుంటడు ఏటో గీసేస్తన్నాడు?" అన్నాడు.

"సుంకి ఘాటుకు దారి, తాతా!"

"ఆ డబ్బీ సెప్పాలేటి సుంకి దారి? నా వొంట్లో వుంది ఆ దారి. కల్లు మూసుకుని సెప్తాను, ఏ మలుపు కాడ గేరు దించాలో."

వాడు నవ్వలేదు. ల్యాప్‌టాపు ఎత్తుకొచ్చి తాత పక్కన కూర్చున్నాడు. "అయితే చెప్పు తాతా, రాసుకుంటాను" అన్నాడు. ఆ రాత్రి పదకొండు దాకా సాగిన ఆ కచేరీయే ఈ వ్యాసానికి మూలం.

వీరాస్వామయ్యగారి లెక్క

బయలుదేరే ముందు దారి కట్టుకోవడం మనకు కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరుకున్నారు. తిరుగు ప్రయాణంలో జగన్నాథం మీదుగా మన శ్రీకాకుళం, విశాఖపట్నం సీమలు దాటుకుంటూ వెళ్ళారు. ప్రతి మజిలీకి దూరమెంత, దారి రాళ్ళదా, ఇసకదా, నీళ్ళు మంచివా, అంగళ్ళున్నాయా, ఏరు దాటడానికి పడవ వున్నదా — అన్నీ రాసి మిత్రునికి పంపారు. అవే 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చయినాయి. తమ వెనక వచ్చే బాటసారికి దారి తెలియాలన్నదే ఆయన తాపత్రయం.

అంతకు ముందే 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ దొర గొలుసులు పరిపించి భూమిని కొలవడం మొదలుపెట్టాడు. ఆయన వాడిన కోణమాపక యంత్రం అరటన్ను బరువు. దాన్ని కొండల మీదికి, గుళ్ళ గోపురాల మీదికి మోయించి, త్రిభుజాలు కట్టుకుంటూ దేశమంతా కొలిచారు. ఆ త్రిభుజాల మీదే మన దేశపు పటాలు నిలిచినాయి. అరటన్ను యంత్రం చేసిన పని ఇప్పుడు చొక్కా జేబులో పట్టే వస్తువు చేస్తున్నదంటే, అందుకు పైనున్న కృత్రిమ చంద్రులే కారణం.

ఆకాశంలో గడియారాలు

జీ.పీ.ఎస్. అనేది అమెరికా వారి సైన్యం కోసం పుట్టింది. మొదటి ఉపగ్రహాన్ని 1978 ఫిబ్రవరిలో పంపారు. 1995 నాటికి ఏర్పాటు పూర్తి అయింది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు రెండుసార్లు ప్రదక్షిణం చేస్తూ, 24కు తగ్గకుండా ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. ఒక్కొక్కదానిలో పరమాణు గడియారాలుంటాయి. ఆ ఉపగ్రహం చేసే పనల్లా, "నేను ఫలానా చోట వున్నాను, ఇప్పుడు టైము ఇంత" అని విడవకుండా రేడియోలో చెప్పుకోవడమే. మన ఫోను దానికి తిరిగి ఒక్క మాటా చెప్పదు, వింటుందంతే.

ఆ కబురు వెలుతురు వేగంతో వచ్చినా మన చెవిన పడేసరికి సెకనులో పదిహేనో వంతు గడుస్తుంది. ఎంత ఆలస్యమైందో చూసి ఎంత దూరాన్నుంచి వచ్చిందో ఫోను లెక్క కడుతుంది. ఒక ఉపగ్రహం వల్ల దూరం మాత్రమే తెలుస్తుంది. మూడింటి దూరాలు తెలిస్తే మనం నిలబడ్డ చోటు తేలుతుంది. ఫోనులోని గడియారం చవకరకం గనుక దాని తప్పు దిద్దడానికి నాలుగోది కావాలి. వేగం వల్లా, ఎత్తు వల్లా పైనున్న గడియారం కిందిదానికంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు నడుస్తుంది. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం దాన్ని సవరించకపోతే, ఒక్క రోజులోనే లెక్క పది కిలోమీటర్లు తప్పుతుంది. సాలూరులో వున్నవాణ్ణి ఏ పాచిపెంట అవతలో చూపిస్తుందన్న మాట!

2000 సంవత్సరం మే నెల దాకా అమెరికా వారు పౌరులకిచ్చే సంకేతంలో కావాలని కొంత తప్పు కలిపేవారు. అది తీసివేశాకనే ఏ సందులో వున్నామో తెలిసే సౌకర్యం మనదాకా వచ్చింది. పరాయివారి గడియారం మీదే ఆధారపడటం మంచిది కాదని మన ఇస్రో వారు 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి ఈ వరసలో మొదటి ఉపగ్రహాన్ని పంపారు. ఏర్పాటుకు 2016లో "నావిక్" అని పేరు వచ్చింది. వాటిలో కొన్ని గడియారాలు చెడిపోతే, స్వదేశంలోనే చేసిన పరమాణు గడియారంతో కొత్త వరస మొదటి ఉపగ్రహం 2023 మే 29న పైకి వెళ్ళింది.

ఇంతా చేసి ఉపగ్రహం చెప్పేది ఒక్క మాట: "నువ్వు ఇక్కడ వున్నావు." ఎటు వెళ్ళాలో అది చెప్పదు. అది చెప్పేది పటం, ఆ పటం వెనక వున్న లెక్క.

ఇరవై నిమిషాల లెక్క

ఆ లెక్క కథ బహు సరదా అయినది. 1956లో హాలెండు దేశంలో డైక్‌స్ట్రా అనే యువకుడు, తాను పెళ్ళాడబోయే అమ్మాయితో ఆమ్‌స్టర్‌డామ్ బజారులన్నీ తిరిగి, అలిసిపోయి ఒక కాఫీ హోటలులో కూలబడ్డాడు. ఒక వూరి నుంచి ఇంకొక వూరికి అన్నిటికంటే దగ్గర దారి ఏదో యంత్రం చేత ఎలా కనిపెట్టించవచ్చునా అని ఆలోచించి, కాగితం కలం లేకుండా, ఇరవై నిమిషాల్లో పద్ధతి తేల్చాడు. 1959లో అచ్చువేశాడు. ఈనాటికీ దారి చెప్పే యంత్రాలన్నిటికీ అదే పునాది.

ఆ పద్ధతి మన ఇంట్లో వాళ్ళకు చెప్పాలంటే ఇలా చెప్పవచ్చు. సాలూరు కూడలిలో ఒక బిందెడు నీళ్ళు పోశామనుకోండి. ఆ నీళ్ళు అన్ని రోడ్ల వెంటా ఒకే వేగంతో పారుతున్నాయి. కోరాపుట్‌కు ఏ రోడ్డు వెంబడి నీరు ముందు చేరితే అదే దగ్గర దారి. యంత్రం ఆ నీళ్ళను అంకెల్లో పారిస్తుంది.

ఇందులో కిటుకు ఒకటున్నది. దేన్ని దగ్గర అనుకోవాలో యంత్రానికి మనం చెప్పాలి. కిలోమీటర్లు తక్కువైతే దగ్గరా? గంటలు తక్కువైతే దగ్గరా? కారువాడికి వెడల్పు రోడ్డు కావాలి. మోటారు సైకిలు షికారువాడికి వొంపులు కావాలి. జర్మనీలో పుట్టిన "కుర్విగర్" అనే సాఫ్టువేరు పనిగట్టుకుని మలుపులున్న దారినే వెతికి పెడుతుంది. తిన్నని రోడ్డు దాని దృష్టిలో దూరం, వంకర రోడ్డు దగ్గర! మన దేశపు రద్దీ చూసి గూగుల్ వారు 2017 డిసెంబరులో ద్విచక్ర వాహనాలకని ప్రత్యేకంగా దారి చూపడం మొదట ఇక్కడే ప్రారంభించారు.

మీ దారి మీరు గీసుకోవాలంటే

మా వాడు చేస్తున్న పనిని వరసగా చెబుతాను. ఇంట్లో కుర్రాళ్ళుంటే పనికివస్తుంది.

యంత్రాన్ని "సాలూరు నుంచి అరకు" అని అడిగితే తనకు తోచిన ఒక దారి చూపుతుంది. మనకు కావలసిన దారి అది కాకపోవచ్చు. అప్పుడు మధ్యలో చుక్కలు పెట్టాలి. చుక్కలు రెండు రకాలు. కొన్ని ఆగే చుక్కలు: పెట్రోలు బంకు, టిఫిను హోటలు, నందపురంలో చూడవలసిన పాత రాజధాని ఆనవాళ్ళు. మిగతావి లాగే చుక్కలు. అక్కడ ఆగం, దారిని ఆ పక్కకు వంచడానికి మాత్రమే పెడతాం. లాగే చుక్కను ఎప్పుడూ రోడ్డు మధ్య, కూడలికి కాస్త దూరంగా పెట్టాలి. కూడలి మీదనే పెడితే, అది ఒక వెంట్రుకవాసి పక్కదారిలో పడి, మనల్ని ఆ సందులోకి పంపి, మళ్ళీ వెనక్కి తిప్పుకొస్తుంది.

ఇలా కట్టిన దారిని జీ.పీ.ఎక్స్. అనే ఫైలుగా దాచుకోవచ్చు. ఏ కంపెనీ యంత్రమైనా చదవగలిగే రకం అది. అందులో మళ్ళీ రెండు విధాలున్నాయి. "రూటు" అంటే చుక్కల జాబితా మాత్రమే. మధ్యదారిని ఫోను అప్పటికప్పుడు తన తెలివితో కలుపుకుంటుంది. ఇంటి దగ్గర చూసిన దారి ఒకటి, ఘాటులో చెప్పే దారి ఇంకొకటి అయ్యే ప్రమాదం ఇక్కడే వున్నది. "ట్రాకు" అంటే వేసిన అడుగుల జాడ. ముగ్గు గీత వంటిది. అది మారదు. అందుకని తెలివిగలవాళ్ళు రెండూ దగ్గర పెట్టుకుంటారు. ట్రాకు గీత మీద మనం వున్నామా లేదా కళ్ళతో చూసుకుంటూ, మలుపుల మాట రూటు చేత చెప్పించుకుంటారు.

తర్వాత ఎత్తు పల్లాలు. 2000 ఫిబ్రవరిలో అమెరికా వారి వ్యోమనౌక 11 రోజుల పాటు భూమిని రాడారుతో కొలిచి వచ్చింది. ఆ లెక్కల పుణ్యాన మన దారి ఎక్కడ ఎంత ఎక్కుతుందో కొండగీతలా ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. సాలూరు మైదానం నుంచి సుమారు 3,000 అడుగుల కోరాపుట్ పీఠభూమికి ఎక్కే గీత ఎంత నిటారుగా లేస్తుందో చూస్తే, బ్రేకుల మీద భక్తి పుడుతుంది. ఆ పీఠభూమి మీదనే 1,672 మీటర్ల దేవమాలి శిఖరం వున్నది. ఒడిశాకు అదే శిరస్సు.

కాలం లెక్క యంత్రానికి వదలకూడదు. నూరు కిలోమీటర్ల కొండదారిని అది రెండున్నర గంటలంటే, గంటకు 25 కిలోమీటర్ల చొప్పున మీరు నాలుగు గంటలు వేసుకోండి. టీకి, ఫోటోలకు మరొక గంట. సూర్యాస్తమయానికి ముందే చివరి ఘాటు దిగిపోయేటట్లు వెనకనుంచి లెక్క కట్టుకుంటూ వస్తే, ఎన్ని గంటలకు బయలుదేరాలో తేలుతుంది. మా వాడి లెక్క ప్రకారం తెల్లవారుజామున అయిదు. మా ఆవిడ లెక్క ప్రకారం ఇడ్లీ తిన్న తర్వాత.

చివరగా, పటాన్ని ఫోనులోకి ముందే దించుకోవాలి. ఉపగ్రహపు మాట కొండల్లో కూడా వినిపిస్తుంది గాని, సెల్ టవరు మాట వినిపించదు. పటం టవరు నుంచి రావాలంటే, ఘాటు మధ్యలో నీలం చుక్క ఒక్కటే మిగిలి, చుట్టూ తెల్లకాగితం కనిపిస్తుంది. "ఆస్మాండ్" వంటి సాఫ్టువేరులో రాష్ట్రం పటమంతా ఇంటి దగ్గరే దించి పెట్టుకోవచ్చు.

తాత చెప్పినవి

ఇంతవరకు యంత్రం. ఇక తాత మొదలుపెట్టాడు.

"సలికాలం బావూ. పొద్దున్న తొమ్మిదయితే గాని మంచు లెగదు. నువ్వు అయిదింటికెల్తే మేగంలోకి ఎల్లినట్టే. కింద పాచిపెంట తిరుగుడు కాడ ఆగి టీ తాగు. మీద నుంచి లారీలు లైట్లేసుకుని దిగితే ఎల్లొద్దు, మంచున్నట్టు. లైట్లు లేకండా దిగితే బేగి ఎల్లు."

మా వాడు రాసుకున్నాడు.

"దిగినప్పుడు ఏ గేరులో ఎక్కినావో ఆ గేరులోనే దిగు. బ్రేకు తొక్కుకుంటా దిగినోడు కిందకి రాడు, ఆస్పటలుకెల్తాడు. మలుపులో లారీ పక్కన దూరకు. డ్రైవరుకి నువ్వు అవుపడవు. మలుపు తిరిగేటప్పుడు లారీ తోక లోపలికొస్తాది."

అదీ రాసుకున్నాడు.

"సంత రోజేదో అడిగి ఎల్లు. సంత రోజు రోడ్డు మీద మనుసులు, మేకలు, కోల్లు. శంబర జాతరప్పుడు మక్కువ దారి ఎంచకు."

నాకు అప్పుడు వీరాస్వామయ్యగారు జ్ఞాపకం వచ్చారు. ఏ వేళకు వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి, ఏది తాగాలి, దేనికి భయపడాలి అనే లెక్క ఏ ఉపగ్రహమూ పంపదు. అది ఆ దారిన పోయినవాడి దగ్గర వుంటుంది. మంచి పద్ధతి ఏమిటంటే, దారి గీసుకున్న తర్వాత, ఆ దారి ఎరిగినవాడి చేత ఒకసారి చదివించుకోవడం.

గెడ్డ దగ్గర

మా వాడు ఇంత బుద్ధిగా తాత మాట వినడానికి కారణం వున్నది. పోయిన వానాకాలంలో జలపాతం చూడాలని ఒంటరిగా కొండల్లోకి పోయాడు. ఏదో ఒక సాఫ్టువేరు అడ్డదారి చూపింది. పటం మీద గీత తిన్నగా, చక్కగా వున్నది. తారు పోయి గ్రావెలు వచ్చింది. గ్రావెలు పోయి బురద వచ్చింది. బురద చివర గెడ్డ వచ్చింది. పటం మీద గీత మాత్రం గెడ్డ మీదుగా అవతలికి పోయింది, వంతెన వున్నట్టే. వెనక్కి తిరగక, నీళ్ళలోకి దింపాడు. నడిమధ్యన ముందుచక్రం రాళ్ళ మధ్య ఇరుక్కుని బండి ఆగిపోయింది.

అదే సమయంలో అవతలి గట్టు మీదనుంచి నలుగురు మనుషులు ఒక డోలీ మోసుకుంటూ దిగారు. డోలీలో నెలలు నిండిన గిరిజన స్త్రీ. వాళ్ళు ఆమెను జాగ్రత్తగా గెడ్డ దాటించి, గట్టు మీద నీడన దింపి, ఇద్దరు వెనక్కి వచ్చి వీడి బండిని లాగి ఒడ్డున పడేశారు. మళ్ళీ డోలీ ఎత్తుకున్నారు. "అంబులెన్సు ఎక్కడికొస్తుంది?" అని వీడు అడిగితే, తారు రోడ్డు దాకా వస్తుందనీ, అక్కడి దాకా ఇలాగే మొయ్యాలనీ చెప్పారు. వీడు నెమ్మదిగా వాళ్ళ వెనకే నడిచాడు. ఆమె అంబులెన్సు ఎక్కేదాకా వుండి వచ్చాడు.

"మావయ్యా, నేను షికారుకు పోయి ఒక పూట ఇరుక్కున్నాను. వాళ్ళకు అది రోజూ వుండే దారి. పటం నాకు చెప్పిన అబద్ధమే అంబులెన్సు డ్రైవరుకూ చెబుతుంది గదా? రోడ్డుందనుకుని వాడు అటునుంచి వస్తే?" అన్నాడు నాతో. అప్పటి నుంచి వాడి వాలకం మారింది.

పటం మీద లేని వూరు

పటం ఎవరు గీస్తారు? పూర్వం ప్రభుత్వం గీసేది. ఇప్పుడు కంపెనీలు గీస్తున్నాయి. వాళ్ళతో పాటు మనమూ గీయవచ్చు. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అనే ఆయన "ఓపెన్ స్ట్రీట్ మ్యాప్" అని ప్రారంభించాడు. ఎవరైనా తమ వూరి రోడ్డును అందులో గీయవచ్చు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. గీతకు గుణాలు కూడా రాయాలి: తారా, గ్రావెలా, మట్టా, కారు పోతుందా, బండి పోతుందా, మనిషే పోవాలా, గెడ్డ మీద వంతెనా, నీళ్ళలోంచి దిగి దాటాలా. ఈ ఒక్క మాట సరిగా రాసి వుంటే మా వాడు గెడ్డలో దిగేవాడు కాడు.

2008లో గూగుల్ వారు "మ్యాప్ మేకర్" అని ఇటువంటిదే తెచ్చారు. దాని వెనక వున్న ముఖ్యుడు కట్రగడ్డ లలితేష్. ఇంటిపేరే చెబుతుంది మనవాడని. మంచి పటాలు లేని దేశాల్లో జనం తమ పటం తామే గీసుకునే వీలు దానివల్ల కలిగింది. 2017లో దాన్ని మూసివేసినా, జనం చేత పటం గీయించవచ్చునన్న నమ్మకం నిలిచింది. మన ప్రభుత్వం కూడా 2021 ఫిబ్రవరిలో భారతీయులు పటాలు గీయడానికి అంతకు ముందున్న అనుమతుల బెడద తొలగించింది.

మన సాలూరు ప్రాంతంలో పటం గీయడం ఇంకొక విధంగా కూడా చిక్కు పని. 1936 ఏప్రిల్ 1 దాకా సాలూరు, కోరాపుట్ రెండూ ఒకే విశాఖపట్నం జిల్లాలో వుండేవి. ఒడిశా వేరుపడ్డప్పుడు కొండల నడుమ గీత పడింది. కొటియా పల్లెల దగ్గర ఆ గీత ఎక్కడ వుండాలన్న తగాదా 1968లో సుప్రీంకోర్టు దాకా పోయింది. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలప్పుడు మళ్ళీ కోర్టు మెట్లు ఎక్కింది. సరిహద్దు గీత సంగతి పెద్దలు తేల్చవలసినది. బాట గీత సంగతి మాత్రం ఆ బాటన నడిచినవారెవరైనా చెప్పవచ్చు. ఏ రాష్ట్రం గీతకు ఏ పక్కనున్నా, జ్వరం వచ్చిన పిల్లవాడికి ఆస్పత్రి దారి ఒక్కటే.

కొత్త దారులు రావడం లేదని కాదు. సాలూరు నియోజకవర్గంలోని కొండపల్లె బాగుజోలలో 2024 డిసెంబరులో గిరిజన గ్రామాల రోడ్లకు శంకుస్థాపన జరిగింది. రోడ్డు వెయ్యడం ఒక ఎత్తు. వేసిన రోడ్డు పటం మీదికి ఎక్కడం ఇంకొక ఎత్తు. కొండల్లో మోటారు సైకిలు విలువ ప్రభుత్వానికీ తెలియకపోలేదు. 2018లో మన గిరిజన ప్రాంతాలకు ఫీడర్ అంబులెన్సులనే మోటారు సైకిళ్ళు పంపారు. పెద్ద బండి రాలేని బాటన వెళ్ళి రోగిని తారు రోడ్డు మీది అంబులెన్సుకు అందివ్వడం వాటి పని. అటువంటి బండి నడిపేవాడికి ఏ బాట నిజంగా బాటో ముందే తెలియడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

మా వాడు ఆ గెడ్డ దగ్గర నడిచిన జాడ ఫోనులో వున్నది. ఇంటికి వచ్చి ఆ రోడ్డు గీతను దిద్దాడు: తారు ఇంతవరకే, తర్వాత మట్టి బాట, ఇక్కడ వంతెన లేదు, వానాకాలం దాటరాదు. అవతలి పల్లె పేరు పటం మీద లేదు. మళ్ళీ ఒకరోజు వెళ్ళి, అక్కడి పెద్దలను అడిగి, వాళ్ళు పలికినట్టుగానే రాసి చేర్చాడు.

కొన్ని జాగ్రత్తలు

ఫోనును చేత్తో పట్టుకుని బండి నడపడం నేరం. దారి చూసుకోవడానికి మాత్రం, ధ్యాస చెదరకుండా వాడుకోవచ్చునని 2020 అక్టోబరు నుంచి నిబంధన వచ్చింది. హ్యాండిలుకు స్టాండు బిగించుకుని, తెర చూడకుండా చెవిలో మాట వినడం మేలు. పెద్ద ఇంజన్ల అదురుకు ఫోను కెమేరా చెడిపోవచ్చునని యాపిల్ కంపెనీవారే 2021 సెప్టెంబరులో హెచ్చరించారు. అదురు తగ్గించే రబ్బరు బిళ్ళలు దొరుకుతాయి. దారి ఫైలు ఒక ప్రతి ఇంట్లో వాళ్ళకు పంపాలి. ముఖ్యమైన వూళ్ళ పేర్లు, దూరాలు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి. కాగితానికి చార్జింగు అక్కరలేదు గదా! హెల్మెట్టు సంగతి చెప్పనక్కరలేదు.

చెప్పిన రోజున మా వాడు బయలుదేరాడు. అయిదింటికి కాదు, ఇడ్లీ తిన్న తర్వాతే. మా ఆవిడ ఫోనులో వాడి చుక్క కదులుతుంటే పనులన్నీ మానుకుని దాన్నే చూస్తూ కూర్చున్నది. సుంకి దగ్గర చుక్క ఆగిపోయింది. ఆవిడ ముఖం చిన్నబోయింది. తాతను పిలిపించాను.

"టవరు నేదమ్మా అక్కడ. గంటకి సిమిలిగుడలో తేలతాడు సూడు," అన్నాడు తాత నిబ్బరంగా. గంటా పది నిమిషాలకు తేలాడు.

రాత్రి ఎనిమిదింటికి బండి గుమ్మంలో ఆగింది. కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, తిన్నగా తాత దగ్గరకు పోయి, తాను తిరిగిన జాడ తెరమీద చూపించాడు. తాత కళ్ళజోడు పెట్టుకుని, ఆ గీత వెంట వేలు పెట్టి మెల్లగా ఘాటు ఎక్కాడు. ఒక మలుపు దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ రాతిలోంచి వూట కారతాది. వేసవిలో కూడా ఎండదు. రేడియేటర్లు కాగిపోతే మేం అక్కడే ఆపి నీల్లు పోసీవోల్లం. ఈ బొమ్మలో నేదే?"

మా వాడు ఆ చోట ఒక చుక్క పెట్టాడు. ఏమని రాయమంటావు తాతా, నీ పేరు పెట్టమంటావా అని అడిగాడు.

"నా పేరెందుకు బావూ? నీల్లున్నాయని రాయి, సాలు."